సందు కొలతకు చేసిన బండి

మొన్న ఇంటికి సున్నం కొట్టించేటప్పుడు సజ్జ మీది సామానంతా కిందికి దించాం. పాత ఇత్తడి అండాల వెనక నుంచి ఒక వెదురు కట్టె దొర్లి పడింది. రెండు కొసలూ కొడవలితో నరికిన మామూలు కట్టె. సున్నం కొట్టే ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇది పనికొస్తాదా అక్కా, పొయ్యిలోకా?" అన్నాడు. నేను గబుక్కున లాక్కున్నాను. ఆయన కాస్త నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటే నొచ్చుకోనీ. అది మా పెదనాయన కట్టె.

పెదనాయన అంటే మా నాయనకు సొంత అన్న. ఆళ్లగడ్డకు దగ్గరి పల్లెలో కాలువ కింద వరి పండించేవాడు. పిల్లలు లేరు. నేను పెళ్లయి నంద్యాలకు వచ్చాక నెలకోసారైనా బస్సెక్కి వచ్చి, సంచిలోంచి గోంగూరో సీతాఫలాలో గడపలో కుమ్మరించి, "ఉండాయా, పోయినాయా అని సూడను వస్తిని" అనేవాడు. ఉండేది, పోయేది మా ప్రాణాలు.

ఆయనకు కోపం వచ్చేది కాదు. కోపం వచ్చిన మనిషి అరుస్తాడు, కాసేపటికి చల్లారతాడు. పెదనాయన ముందు టీ తాగేవాడు. సాసర్లో పోసుకుని, ఊదుకుని, చివరి చుక్క దాకా తాగి, భుజం మీది తువ్వాలతో మీసం తుడుచుకుని, "సూద్దాం లే" అనేవాడు. ఆ మాట పడ్డవాడి పని ఇక అయిపోయినట్టే. ఆళ్లగడ్డలో ఒక హోటలాయన ఎప్పుడో ఈయన దోసెకు రెండోసారి చట్నీ వెయ్యలేదట. అంతే, ఆ వీధిలో మళ్లీ అడుగు పెట్టలేదు. బస్టాండుకు అదే దగ్గర దారి. ఈయన మాత్రం చుట్టూ తిరిగి పోయేవాడు. మండుటెండలో ఆయన వెంట తిరగలేక నేనొకసారి విసుక్కున్నాను.

"నువ్వు ఆ వీధిలో పోవడం లేదని ఆ హోటలాయనకు తెలుసా పెదనాయనా?"

"వానికి తెల్సకపోతే ఏం పాపా. నాకు తెల్సు గదా" అన్నాడు, నడక ఆపకుండానే.

ఈ ఒక్క విషయంలో నేను ఆయన కడుపున పుట్టినదాన్నే. మీ ఇంట్లోవాళ్లకు దేవుడు మరుపనేది ఇయ్యలేదా అని మా ఆయన అడుగుతుంటాడు. ఇచ్చాడు. ఇల్లాలికి పాలు పొంగేది మరుపొస్తుంది, తాళంచెవి ఎక్కడ పెట్టిందీ మరుపొస్తుంది. మనసు విరిచినవాణ్ణి ఎందుకు మరవాలి?

ఇక రాళ్ల సంగతి. పెదనాయనకు బాబాయి కొడుకు, తమ్ముడి వరస ఒకాయన ఉన్నాడు, మా నాయనకూ తమ్ముడే, నాకు చిన్నాయన. ఇద్దరి తాత ఒకడే, ఇద్దరి పొలాలూ ఒకదాని వెనక ఒకటి. పెదనాయన తన పొలానికి పోవాలంటే చిన్నాయన పశువుల కొట్టం పక్కగా పోయే బండి దారే గతి. ఆ దారి వాళ్ల తాత నాటిది. ఒక సంవత్సరం గడ్డి తోలే బాడుగ ట్రాక్టరు వెనక ట్రాలీ తగిలి చిన్నాయన కుడితితొట్టి పగిలింది. పెదనాయన ఆ సాయంత్రమే ఆళ్లగడ్డ పోయి, అంతకంటే పెద్ద తొట్టి కొని తెచ్చి పెట్టాడు. తెల్లారి చూస్తే దారికి రెండు పక్కలా నిలువెత్తు నాపరాళ్లు పాతి ఉన్నాయి. మా వైపు నాపరాయికి కొదవ లేదు, ఇంటికప్పు నుంచి కంచె దాకా అన్నీ అవే. మనిషి పోవచ్చు, గొడ్డును తోలుకుపోవచ్చు. ఎద్దులబండి పోదు, ట్రాలీ పోదు. ఇది మా వైపు కథ అనుకుంటారేమో. అవును, మా వైపుదే. వాళ్ల వైపు కథ వాళ్లను చెప్పుకోమనండి.

టీ అంగడి దగ్గర చిన్నాయన అన్న మాట ఆ పూటే పెదనాయన చెవిన పడింది.

"నేనేం దారి మూసినానా? మనుషులు పోతాండారు గదా. ట్రాలీ పోవాల్నంటే రెండు రాళ్లు పీకేదానికి నాకెంతసేపు. వచ్చి అడగమను."

పెద్దమనుషులు వచ్చి బతిమాలారు. ఒక్కమాట అడుగప్పా, తమ్ముడే గదా, నీ నోట్లో ముత్యాలేం రాలవు అన్నారు. పెదనాయన అందరికీ టీ ఇప్పించాడు. "మా తాత తొక్కిన దారి. నేను ఎవర్ని అడగాల?" అన్నాడు. ఆ ఏడు వడ్లు మూటలు కట్టి తలమీద మోయించాడు. గడ్డి మాత్రం పొలంలోనే ఉండిపోయింది, కాలం కాని కాలంలో వాన పడి అంతా నల్లబడింది. ఎద్దులను అమ్మేశాడు. పెద్దమ్మ ఆవులకు కొనుక్కొచ్చిన మేత వేసింది. గడ్డి ఇంటికి చేరకపోతే ఆ ఇంట్లో గొడ్డు నిలవదు, గొడ్డు లేని ఇంట్లో పెదనాయన నిలవడు. అది చిన్నాయనకు తెలియక కాదు. ఒక రోజు పెదనాయన ఆ కుళ్లిన గడ్డిని కాలితో తిరగేసి చూసి, "సూద్దాం లే" అన్నాడట. పెద్దమ్మ చెప్పింది.

ఆ వేసవిలో వెలుగోడు పక్క ఎవరిదో మామిడితోటలో చెట్ల మధ్య దున్నే చిన్న ట్రాక్టరు అమ్మకానికి ఉందని తెలిసి పోయి కొనుక్కొచ్చాడు. అది రాళ్ల మధ్య నుంచి హాయిగా దూరిపోయింది. చిన్నాయన నవ్వాడు. "గొర్రెపిల్లను తెచ్చినాడు. దానెనక ఏం కట్టి తోల్తాడు, చాటనా?" అన్నాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది. అమ్మకానికి దొరికే ట్రాలీ ఏదీ ఆ సందులో పట్టదు.

అప్పుడు పుట్టింది ఈ కట్టె. దారిలో టేపు పెట్టి కొలిస్తే ఊరంతా ఏందీ కొలుస్తాండావని అడుగుతుంది. అందుకని పెదనాయన మోకాలు నొప్పి తెచ్చుకున్నాడు. వెదురు కట్టె ఊతం వేసుకుంటూ, కుంటుకుంటూ పోయి, రాళ్లు మరీ దగ్గరగా ఉన్న చోట కట్టెను జార్చినట్టు అడ్డంగా పడేశాడు. గోటితో గుర్తు పెట్టుకుని, పొలంలోకి పోయి కొసలు నరికి, తిరిగొస్తూ మళ్లీ జార్చి చూసుకున్నాడు. సరిగ్గా పట్టింది. పాలు పిండుతున్న చిన్నమ్మ, "ఏం బావా, కాలు నొప్పా?" అని అడిగిందట. ఊ అన్నాడు. అన్న పాపానికి ఆ తర్వాత చాలా రోజులు ఆ కొట్టం ముందు కుంటుతూనే నడవాల్సి వచ్చింది. అప్పుడప్పుడు ఏ కాలో మరిచిపోయేవాడని పెద్దమ్మ నవ్వుతూ చెప్పేది.

ఆళ్లగడ్డలో చేయిస్తే మధ్యాహ్నానికి చిన్నాయనకు తెలిసిపోతుందని బండి పని నంద్యాలలో పెట్టుకున్నాడు. మా వీధి చివర వెల్డింగ్ షాపు. కట్టె పట్టుకుని బస్సు దిగాడు. పైన పెట్టుకోమని కండక్టర్ ఎంత చెప్పినా వినక, ఎవరైనా కొస విరుస్తారేమోనని దాన్ని నిలబెట్టి పట్టుకుని, తానూ నిలబడే వచ్చాడట. కండక్టర్ కూడా ఆ రోజు నుంచి పెదనాయన పగవాళ్లలో చేరిపోయాడు.

వెల్డింగ్ మేస్త్రి నిదానస్తుడు. పాత సామాన్ల అంగడి నుంచి ఒక జీపు ఇరుసు తెచ్చి, మధ్యలో కోసి, కురచ చేసి అతికిద్దామన్నాడు. అంతా బాగానే ఉంది. కట్టెను ఇరుసు మీద పెట్టి చూసి తల గోక్కున్నాడు.

"చక్రాలకు బయటి పక్క నట్లు ఉంటాయి పెద్దాయనా. ఇట్ల కట్టె నిండా చేస్తే రాయికి ఒరుసుకుంటాయి. రెండు పక్కలా బెత్తెడు తగ్గిచ్చుకుందాం."

"తగ్గిచ్చొద్దు."

"ఒరుసుకుంటాది అంటాండా గదప్పా."

"ఒరుసుకోనీ. వాడు దారిలో సగం మింగినాడు. మిగిలిన దాంట్లో బెత్తెడు నేనే వానికి ఇడ్సాల్నా?"

మేస్త్రి నా వైపు చూశాడు. పెదనాయన అన్నది నాకు న్యాయంగానే వినిపించింది.

పని జరిగినన్ని రోజులూ బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని, ఒళ్లో కట్టె పెట్టుకుని కాపలా కాశాడు. అతుకు పడిన ప్రతిసారీ లేచి కట్టె పెట్టి చూసేవాడు. "మీ పెదనాయనను ఇంటికి పిల్సుకపో అక్కా, నాకు పని సాగల్లేదు" అని మేస్త్రి నాతో మొరపెట్టుకున్నాడు. పక్కలకు పెంచే వీలు లేదు కాబట్టి బండి పైకి పెరిగింది. కింద వేపచెక్కల పలక, మూలలకు నాలుగు ఇనుప పైపులు, ముందూ వెనకా నిచ్చెన మెట్లలాగా అడ్డ కడ్డీలు. తిరగబడకుండా పలకను నేలకు బాగా దగ్గరగా దించారు. చూస్తే నాకు ముద్దొచ్చింది. రంగు ఏం వెయ్యాలని మేస్త్రి అడిగితే, పసుపు వెయ్యమన్నాడు.

"మట్టి కొట్టుకపోతాది పెద్దాయనా, పసుపు ఆగదు."

"యాడ్నించి సూసినా వానికి కనపడాల" అన్నాడు పెదనాయన.

బండికి పట్టా కప్పించి సామాన్లు తోలే ఆటోలో ఊరికి చేర్చాడు. నరికిన కట్టె మాత్రం నా దగ్గరే వదిలి, "దాచిపెట్టు పాపా, వాడు రాళ్లు జరిపినా జరుపుతాడు" అన్నాడు. అప్పటి నుంచి అది మా సజ్జ మీదే ఉంది.

మొదటిసారి బండి తోలే రోజు నేను పని మానుకుని మరీ ఊరికి పోయాను. చిన్నాయన కొట్టం ముందు మంచమేసుకుని టీ తాగే వేళ చూసుకుని పెదనాయన బయలుదేరాడు. చిన్న ట్రాక్టరు, దాని వెనక పసుపుపచ్చగా మెరిసిపోతున్న ఖాళీ బండి. వెనక నేనూ పెద్దమ్మా నడిచాం. రాళ్ల మధ్యకు రాగానే చక్రాల నట్లు రెండు పక్కలా రాయిని గీరుకుంటూ కర్ర్‌మన్నాయి. పెదనాయన తల తిప్పలేదు. బండి దూరింది, దాటింది. చిన్నాయన గ్లాసు ఎత్తిన చేయి అట్లాగే ఉండిపోయింది. ఆ చేతిని నేను కళ్లారా చూశాను. తృప్తి అంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది.

తిరుగు ప్రయాణంలో మా తృప్తి నీళ్లపాలయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వరిగడ్డిలో మెలిగిన మనిషి. గడ్డి ఎత్తితే బండికి రెండు పక్కలా ఉబ్బి వేలాడుతుందని ఆయనకు ఒకరు చెప్పాలా? కానీ ఆయన బుద్ధంతా రాళ్ల మీదే ఉంది. రాళ్లను కొలిచాడు, గడ్డిని మరిచాడు. నిండు బండి సందులోకి రాగానే రాళ్లు గడ్డిని దువ్వెన పెట్టి దువ్వినట్టు లాగేశాయి. రాళ్ల వెనక కట్టేసిన చిన్నాయన గేదెలు, మా వైపు ఎనుములంటాం, సందుల్లోంచి మెడలు చాచి, వచ్చిన గడ్డిని వచ్చినట్టు అందుకున్నాయి. బండి ఇల్లు చేరేసరికి రెండు పక్కలా చెక్కేసినట్టుంది. మళ్లీ పోయింది, మళ్లీ అదే కథ. చిన్నాయన మంచం మీద నుంచి లేవను కూడా లేవలేదు.

"మా యన్నకు నామీద ఎంత పేణమో సూడండి" అన్నాడట ఆ సాయంత్రం టీ అంగడి దగ్గర. "మా ఎనుములకు మేపు, బండి చేపిచ్చి మరీ తోల్తాండాడు."

ఆ రాత్రి పెదనాయన అన్నం సరిగ్గా తినలేదు. నాకైతే ఏడుపొచ్చింది. పొద్దున లేచేసరికి ఆయన నీళ్ల గాబు దగ్గర కూర్చుని బకెట్లో పేడ కలుపుతున్నాడు. దారి పక్క పైరును గొడ్లు తినకుండా పేడనీళ్లు చల్లడం మా వైపు మామూలే. ఈయన దాన్ని గడ్డి బండికి చల్లబోతున్నాడు.

పెద్దమ్మకు అర్థమై, "ఆ పక్కల గడ్డి మనావులు గూడా తినవు గదా. గడ్డివామిలో మురిగిపోతాది" అంది.

"తినకుంటే పాయ. వానివి తినగూడదు" అన్నాడు పెదనాయన, కలపడం ఆపకుండా.

ఆ రోజు నిండు బండి సందులోకి వచ్చింది. ఎనుములు అలవాటుగా మెడలు చాచాయి, మూతి పెట్టాయి, తుమ్మాయి, వెనక్కి పోయాయి. పెదనాయన అక్కడ ట్రాక్టరును బాగా నెమ్మది చేశాడు. తల తిప్పని మనిషి ఆ రోజు తిప్పాడు, చిన్నాయన వైపు కాదు, ఎనుముల వైపు. ఆయన మీసాల్లో నవ్వు నేను అంతకుముందు చూడలేదు.

అప్పటి నుంచి ఏ ఏటి గడ్డీ పొలంలో ఉండిపోలేదు. పక్కల గడ్డి కొంత పాడైతే అయింది, ఆవులు నిలిచాయి. గడ్డి లేని రోజుల్లోనూ బండి తోలేవాడు. ఒక మోపు పచ్చిగడ్డికి, ఒక బిందెకు, ఒక్కోసారి ఊరికే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, చిన్నాయన టీ వేళకు, కర్ర్‌మని రాయిని గీరుకుంటూ. రాళ్ల మీద తెల్లటి గీత పడింది. మోకాలు నిజంగానే నొప్పి పెట్టే వయసు వచ్చినా బండి మానలేదు. నువ్వు కుంటేది నిజమా దొంగ వేషమా అని పెద్దమ్మ ఎగతాళి చేసేది.

ఆయన ఒక పొద్దున నిద్ర లేవలేదు. నేను నంద్యాల నుంచి పోయేసరికి పెద్ద ట్రాక్టరు ట్రాలీకి బంతిపూలు కట్టి సిద్ధంగా ఉంచారు. మా ఇళ్లల్లో సొంత పొలంలోనే పూడుస్తారు. తాత సమాధి పక్కన గుంత తీశారు. ఊరేగింపు ఊరంతా తిరిగి దారి మొదట్లోకి వచ్చి ఆగింది. పెద్ద ట్రాలీ రాళ్ల మధ్య పట్టదని అందరికీ తెలుసు. అయినా ఎవరూ ముందుగా ఆ మాట ఎత్తలేదు.

అక్కడ చిన్నాయన గడపార పట్టుకుని నిలబడి ఉన్నాడు. తువ్వాల నడుముకు కట్టుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మొదటి రాయి మొదట్లో గడపార దించి, పెకలించబోయాడు. మంచి పని, ఇప్పటికైనా మంచి పని అని పెద్దమనుషులు అన్నారు. రాళ్లు పోతే ట్రాలీ పొలం దాకా పోతుంది, అక్కడ దించి గుంత దాకా పాడె మోస్తారు. దాయాది కాబట్టి పాడెకు చిన్నాయన భుజం పట్టాలి. అంతా సవ్యంగా జరిగిపోయేదే.

పెద్దమ్మ జనంలోంచి ముందుకొచ్చింది. పొద్దుటి నుంచి ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మనిషి. ఆమె మాట వినడానికి అందరూ నోళ్లు మూసుకోవాల్సి వచ్చింది.

"రాయి మీద చెయ్యెయ్యాకు అప్పా."

చిన్నాయనకు అర్థం కాలేదు. "అన్న పోవాల గదా వదినా" అన్నాడు.

"మీ యన్న పోయేదానికి బండి ఉండాది. కొలత తీసుకుని చేపిచ్చుకున్నాడు."

"ఇప్పుడు గూడానా వదినా? నా భుజమన్నా పట్టనీ."

"వచ్చి అడగమంటివి గదా" అంది పెద్దమ్మ. "ఇన్నేండ్లు కాసుకోనుంటివి. అడగకుండానే పోతాండాడు. పోనీయి."

ఎవరో పెద్దాయన ఇది పద్ధతి కాదమ్మా అన్నాడు. నేను పోయి పెద్దమ్మ పక్కన నిలబడ్డాను. మా ఆయన పెద్దమ్మ ఇంటికి పోయి చిన్న ట్రాక్టరునూ పసుపు బండినీ తోలుకొచ్చాడు. పలక మీద మెత్తగా వరిగడ్డి పరిచాం. బంతిపూలు కొన్ని పైపులకు కట్టాం. పెదనాయనను పెద్ద ట్రాలీ మీద నుంచి దించి, కదలకుండా దాని మీద పడుకోబెట్టి కట్టాం.

బండి సందులోకి పోయింది. అది నేరుగా గుంత దాకా పోయే బండి, ఇక పాడె మోసే పనే లేదు. బండి పక్కన మనిషి నడవడానికి అక్కడ చోటు లేదు. ఆ చోటు లేకుండా చేసింది చిన్నాయనే. భుజం పట్టడం మాట అటుంచి, చెయ్యి వెయ్యడానికి కూడా లేక, గడపార పట్టుకుని వెనకే నిలబడిపోయాడు. నట్లు రాయిని గీరాయి. ఆ చప్పుడు విని కొట్టంలో ఎనుములు రాళ్ల సందుల్లోంచి మెడలు చాచాయి. ఆ రోజు గడ్డికి పేడనీళ్లు చల్లలేదు. అది చూసి చిన్నాయన గడపార పడేసి కొట్టంలోకి పరిగెత్తాడు. మొదటి ఎనుము తలను రెండు చేతులతో కావలించుకుని వెనక్కి గుంజి, అన్న కింది గడ్డిని ముట్టనియ్యకుండా, బండి దాటేదాకా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఏడుస్తున్నాడు. నేను జాలి పడ్డానని మీరు అనుకోవచ్చు. పడలేదు. నాకు కడుపు చల్లబడింది.

రాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. పెద్దమ్మ గడ్డి ఆ బండి మీదే ఇంటికొస్తోంది, ప్రతి బండికీ ఆమే పేడనీళ్లు చల్లుతుంది. పోయిన నెల నేను ఊళ్లో ఉండగా చిన్నాయన ఒక మనిషితో కబురు పంపాడు. పొద్దున లేస్తే ఆ రాళ్లే కనబడుతున్నాయట, అన్నం సయించడం లేదట, వదిన ఊ అంటే ఆ పూటే పీకేస్తాడట. పెద్దమ్మ అంతా విన్నది. వచ్చిన మనిషికి టీ పోసి ఇచ్చింది, తనూ సాసర్లో పోసుకుని, ఊదుకుని, చివరి చుక్క దాకా తాగింది.

"వచ్చి అడగమను" అంది.